పోలండు నావికుని ఆంగ్లం

ఆంగ్లం నేర్చుకొనే విద్యార్థిని పెద్ద మాటలు అంతగా బాధించవు. వాటికి నిఘంటువు వున్నది. ఒకసారి వెదికి అర్థం కంఠస్థం చేస్తే జీవితాంతం నిలుస్తవి. అతనిని ఏడిపించేవి ఇన్, ఆన్, ఎట్, బై, విత్, ఫర్, టు, ఆఫ్ అనే చిట్టి మాటలు. వీటిని నిఘంటువులో వెదికితే ఒక్కొక్కదానికి ముప్పయి అర్థాలు కనిపిస్తవి. ముప్పయిలో తనకు కావలసినది ఏదో తెలుసుకొనే ఉపాయం మాత్రం అక్కడ కనిపించదు. బడిలో పదేళ్లు, కళాశాలలో అయిదేళ్లు చదివి పట్టం పుచ్చుకొన్నవాడు కూడా ఒక ఉత్తరం వ్రాయబోయి ఈ చిన్న మాట దగ్గర కలం ఆపుతాడు. ఈ ఇబ్బందితోనే బ్రతుకంతా గడిపి, దానిని పూర్తిగా జయించకుండానే ఆంగ్ల నవలాకారులలో ప్రథమశ్రేణికి చేరిన పరదేశి ఒకడున్నాడు. అతడు జోసెఫ్ కాన్రాడ్.

ఆ పేరు అతడు తరువాత పెట్టుకొన్నది. తల్లిదండ్రులు పెట్టిన పేరు యూజెఫ్ తెయొదోర్ కొన్రాడ్ కొర్జెనియొవ్‌స్కీ. 1857 డిసెంబరు 3వ తేదీన, ఇప్పటి ఉక్రెయినులో వున్న బెర్దీచివ్ ప్రాంతంలో పోలిష్ కుటుంబంలో జన్మించాడు. అప్పటికి పోలండు అనే దేశం పటంలో లేదు. రష్యా, ఆస్ట్రియా, ప్రష్యా దానిని మూడు ముక్కలుగా పంచుకొని తిన్నవి. దేశం పోయిన జాతికి భాషే దేశమవుతుంది. తండ్రి అపోలో కవి, నాటకకర్త, అనువాదకుడు. స్వాతంత్ర్యం కోసం రహస్యంగా పాటుపడ్డవాడు. 1861లో రష్యా ప్రభుత్వం అతనిని నిర్బంధించి, మరుసటి యేడు భార్యాబిడ్డలతో సహా ఉత్తరాన వొలొగ్డా అనే చలిసీమకు పంపివేసింది. ఆ కష్టాలతో క్షయ ముదిరి తల్లి ఎవా 1865లో మరణించింది. అప్పటికి పిల్లవానికి ఏడేళ్లు.

తండ్రీ కొడుకూ మిగిలారు. పొట్టకోసం, మనశ్శాంతికోసం తండ్రి అనువాదాలు చేస్తూ వుండేవాడు. షేక్స్పియరు నాటకం ఒకటి పోలిష్‌లోకి తెస్తూ బల్లమీద వదలిన కాగితాలను కుర్రవాడు దొంగచాటుగా తండ్రి కుర్చీ యెక్కి చదివి పట్టుబడ్డాడు. తండ్రి కోప్పడలేదు, పైకి చదివి వినిపించమన్నాడు. విక్టర్ హ్యూగో సముద్రనవల అనువాదం కూడా ఆ బాలుడు అలాగే చదివాడు. ఆంగ్ల సాహిత్యంతో అతని తొలి పరిచయం ఇట్లా పోలిష్ భాషలో జరిగింది. 1869లో క్రాకో నగరంలో తండ్రి కూడా పోయాడు. దేశభక్తుని శవయాత్ర వెంట నగరం కదలివచ్చింది. దాని ముందు పదకొండేళ్ల కుర్రవాడు ఒంటరిగా నడిచాడు.

మేనమామ తదేయుష్ బోబ్రోవ్‌స్కీ ఆ పిల్లవానిని చేరదీశాడు. లెక్కాజమా తెలిసిన మనిషి. ప్రేమ వున్నా దానిని లెక్కపుస్తకంలో వ్రాసి చూపించే తత్వం. కుర్రవాడేమో సముద్రమంటాడు. సముద్రాన్ని పుస్తకాలలో తప్ప అంతగా ఎరుగని వంశంలో ఈ పిచ్చి ఎక్కడనుండి వచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. మాష్టర్లు చెప్పారు, బంధువులు చెప్పారు, వినలేదు. 1874 అక్టోబరులో, పదిహేడు నిండకుండానే, అతడు రైలెక్కి ఫ్రాన్సు దక్షిణ తీరంలోని మార్సే రేవు చేరాడు.

ఫ్రెంచి అతనికి చిన్ననాటి నుండే వచ్చు. పోలిష్ సంపన్న కుటుంబాలలో అది చదువులో భాగం. మార్సేలో నాలుగేళ్లు గడిపేసరికి అది రెండవ మాతృభాష అయినంత పని అయినది. ఆ రేవులోనే, ఒకనాడు పైలట్ల పడవలో ఒక ఆంగ్లనౌక పక్కకు చేరినప్పుడు, పైనుండి ఎవరో జాగ్రత్త అని అరిచిన కేక అతనితో ఆంగ్లంలో పలికిన మొదటి పలుకు. తరువాత ఎన్నో ఏళ్లకు ఆ సంగతి అతడు ఆత్మకథలో ఎంతో ఆప్యాయంగా వ్రాసుకొన్నాడు. మార్సేలో అప్పులపాలై, ప్రాణంమీదికి కూడా తెచ్చుకొన్నాడు. మేనమామ పరుగున వచ్చి అప్పులు తీర్చాడు. రష్యా ప్రజగా సైనికసేవకు లోబడివుండటం చేత ఫ్రెంచి నౌకలలో ఇక కొలువు దొరకదన్నారు. దొరికినది ఆంగ్లనౌక. అట్లా 1878 జూన్‌లో ఇంగ్లండు తూర్పుతీరాన లోస్టాఫ్ట్ రేవులో దిగాడు. వయస్సు ఇరవై. ఆంగ్లం వచ్చినది అరడజను మాటలు.

ఇరవై ఏళ్ల వయస్సు అనే మాటను ఉపాధ్యాయులు గమనించవలె. చిన్నపిల్లలకు పరభాష ఒంటికి పట్టినట్లు ఇరవై ఏళ్లవానికి పట్టదు. అప్పటికే అతని లోపల రెండు భాషలు ఇల్లు కట్టుకొని కూర్చున్నవి. మూడవది వచ్చినప్పుడు ఆ రెండూ లేచి చోటివ్వవు. సర్దుకొని కూర్చోమంటవి.

మొదటి గురువులు బొగ్గుపడవల కళాసీలు. లోస్టాఫ్ట్‌కూ న్యూకాసిల్‌కూ మధ్య బొగ్గు మోసే చిన్న ఓడలో ఆ వేసవి రెండున్నర నెలలపాటు అతడు పనిచేశాడు. వ్యాకరణం చెప్పేవాడు లేడు. తాడు పట్టుకోమన్నప్పుడు తాడు, తెరచాప దించమన్నప్పుడు తెరచాప. మాట తప్పుగా అర్థమయితే వీపుమీద దెబ్బో, నెత్తిమీద తెరచాపకొయ్యో పడుతుంది. ఈ పద్ధతిలో నామవాచకాలు, క్రియలు త్వరగానే వస్తవి. చేతికి అందే వస్తువులు, కంటికి కనిపించే పనులు గనుక. చిట్టి మాటలు మాత్రం అట్లా రావు.

ఎందుకు రావో తెలియాలంటే అతడు వెంట తెచ్చుకొన్న పోలిష్ భాష తీరు కొంచెం చూడవలె. మన వ్యాకరణంలో సంబోధనతో కలిపి ఎనిమిది విభక్తులు చెబుతారు. పోలిష్‌లో సంబోధనతో కలిపి ఏడు. మాట చివర మారుతుంది. దానికి తోడు మాటకు ముందు కూడా ఒక చిన్న పదం వస్తుంది. ఉదాహరణకు న అనే పదం. బల్లమీద అన్నా న, తపాలాఫీసులో అన్నా న, సముద్రంలో అన్నా న, విశ్వవిద్యాలయంలో అన్నా న, పల్లెటూళ్లో అన్నా న, వీధిలో అన్నా న. ఇదే న ముందుండి మాట చివర మరొక విభక్తికి మారితే, బల్లమీద వున్నది కాస్తా బల్లమీదికి పోయిందని అర్థమవుతుంది. పోలిష్ పిల్లవానికి ఇందులో చిక్కేమీ లేదు. కాని ఆంగ్లానికి వచ్చేసరికి బల్లకు ఆన్, తపాలాఫీసుకు ఎట్, సముద్రానికి ఎట్, పల్లెటూరికి ఇన్. ఒక్క తాళంచెవితో ఆరు గదులు తెరిచే యింటినుండి, గదికొక తాళంచెవి వుండే యింటికి వచ్చినట్లయినది అతని పని. ఆంగ్లంలో నామవాచకాల చివరి విభక్తి గుర్తులు చాలవరకు ఎప్పుడో రాలిపోయినవి. ఆ బరువంతా ముందువచ్చే చిన్న మాటమీదనే పడుతుంది. అందుచేత అది తప్పితే వాక్యం కుంటుతుంది.

ఫ్రెంచి అయినా ఆదుకొన్నదా అంటే, అది మరొక విధంగా పెడత్రోవ పట్టించింది. ఆ భాషలో ఆ అనే ఒక్క అక్షరం లండనులో అనటానికీ, బడికి అనటానికీ, మధ్యాహ్నం పన్నెండింటికి అనటానికీ, కాలినడకను అనటానికీ, గుర్రంమీద అనటానికీ సరిపోతుంది. ఆంగ్లంలో వీటికి వరుసగా ఇన్, టు, ఎట్, ఆన్, ఆన్.

తెలుగువారు ఇక్కడ నవ్వవలసిన పని లేదు. మన లో సంగతి చూడండి. ఇంట్లో, బడిలో, ఊళ్లో, రైల్లో, పేపర్లో అని ఒక్క ప్రత్యయంతో హాయిగా నడిపిస్తాము. ఇంటికీ బడికీ ఎట్, ఊరికీ పేపరుకీ ఇన్, రైలుకు ఆన్ అని ఆంగ్లేయుడు అంటాడు. పిట్ట మనకు చెట్టుమీద వాలుతుంది. అతనికి చెట్టులో వాలుతుంది. నిన్నటినుండి, రెండు రోజులనుండి అని మనం ఒకే నుండి వాడితే, మొదటిదానికి సిన్స్ అనీ, రెండవదానికి ఫర్ అనీ విడదీస్తాడు. గురించి చర్చించటం మనకు సహజం గనుక, డిస్కస్ అన్న మాట వెనుక అక్కరలేని అబౌట్ తెచ్చి తగిలిస్తాము. ఒకానొకచోట మన అదృష్టం బాగుండకపోలేదు. ఆధారపడటం మనకూ మీదనే, ఆంగ్లేయునికీ మీదనే; పోలిష్, ఫ్రెంచి భాషలలో మాత్రం దానినుండి అన్నట్లు వుంటుంది. ఎదురుచూడటం మనకు కోసం, వారికి ఫర్. పోలిష్‌వానికి ఇక్కడా అదే న. కనుక ఎవరి తప్పులు వారివి. తప్పులో మాతృభాష ముఖం కనిపిస్తుంది. కాన్రాడ్ తప్పులలో పోలండు కనిపిస్తుంది, దానిపక్కన ఫ్రాన్సు కనిపిస్తుంది.

ఓడ అతనికి కళాశాల అయినది. ఆస్ట్రేలియా ప్రయాణాలు, మధ్యధరా సముద్రం, తూర్పు దీవులు. 1881లో పాలస్తీన్ అనే ముసలి ఓడమీద బ్యాంకాక్‌కు బొగ్గుతో బయలుదేరితే, అది కారటం మొదలుపెట్టి మరమ్మతుకై ఫాల్మత్ రేవులో నెలల తరబడి నిలిచిపోయింది. అక్కడ అయిదు షిల్లింగులకు షేక్స్పియరు నాటకాల సంపుటం ఒకటి కొని, ఓడ చెక్కల సందులు కూరే కార్మికుల సుత్తిమోతల మధ్య చదివాడు. ఉదయం మేట్‌గా కళాసీల భాష, సాయంత్రం షేక్స్పియరు భాష. నడుమ వుండే పెద్దమనుషుల ఆంగ్లం అతనికి చాలాకాలం అందలేదు. అతని శైలిలో ఒకప్రక్క ఓడభాష కరకుతనం, మరొకప్రక్క గంభీరమైన పుస్తకభాష జోడుగా నడవటానికి ఇది కొంత కారణం కాబోలు. ఆ ఓడ చివరకు 1883లో తూర్పు సముద్రాలలో తగలబడిపోయింది. తరువాత అది ఒక చక్కని కథ అయినది.

1884 ఏప్రిల్‌లో అతడు మదరాసు రేవులో వున్నాడు. రివర్స్‌డేల్ అనే ఓడకు సెకండ్ మేట్‌గా వచ్చి, కెప్టెన్‌తో పొసగక అక్కడే కొలువు విడిచాడు. అక్కడినుండి బొంబాయి చేరి నార్సిసస్ అనే ఓడలో కుదిరాడు. పదమూడేళ్ల తరువాత ఆ ఓడ పేరుతోనే ప్రసిద్ధమైన నవల వ్రాశాడు. ఆనాటి మదరాసు - బొంబాయి రైలుమార్గం కడప, గుత్తి, ఆదోని మీదుగా పోయేది. మరుసటి సంవత్సరం టిల్క్‌హర్స్ట్ అనే ఓడమీద సింగపూరు, కలకత్తా వచ్చాడు. ఈ ప్రయాణంలో కార్డిఫ్‌లోని ఒక పోలిష్ మిత్రునికి వ్రాసిన ఉత్తరాలే అతని ఆంగ్ల రచనలో మనకు మిగిలిన తొలి పుటలు. ఇంగ్లండు చేరిన ఏడేళ్లకు వ్రాసినవి. భాష అప్పటికే గట్టిగా, కొంచెం బిర్రబిగిసి వున్నది. కొత్త కోటు తొడిగిన మనిషి నడక వంటిది.

పరీక్షలు సులువుగా ఏమీ దాటలేదు. 1880లో సెకండ్ మేట్ పరీక్ష గట్టెక్కినా, ఫస్ట్ మేట్ పరీక్ష 1884లో ఒకసారి తప్పి మళ్లీ వ్రాశాడు. కెప్టెన్ పరీక్ష 1886లో ఒకసారి తప్పి నవంబరులో గెలిచాడు. ఆ యేడే ఆగస్టులో బ్రిటిష్ పౌరుడయ్యాడు. మేనమామ సంతోషించాడు. అయితే అంతకుముందు అయిదేళ్లనాడే ఆ పెద్దమనిషి ఒక సలహా వ్రాశాడు. సముద్రయానాల ముచ్చట్లు పోలిష్‌లో వ్రాసి వార్సాలోని పత్రికకు పంపితే భాష మరచిపోకుండా వుంటుందన్నాడు. మేనల్లుడు ఆ సలహా పాటించినట్లు కనిపించదు. కాని భాషను మరువలేదు.

1889 శరత్తులో లండనులో ఖాళీగా వున్న రోజులలో ఒక ఉదయం అతడు నవల మొదలుపెట్టాడు. ఆంగ్లంలో. ఎందుకు ఆంగ్లంలో అనే ప్రశ్న అతనిని జీవితాంతం వెంటాడింది. ఫ్రెంచి అంతకంటె బాగా వచ్చు, పోలిష్ పుట్టుభాష. ఫ్రెంచిలో వ్రాయాలా, ఆంగ్లంలో వ్రాయాలా అని తూచి చూసుకొని ఆంగ్లాన్ని ఎంచుకొన్నాడని ఒక మిత్రుడు ప్రచారం చేస్తే, 1919లో అతడు గట్టిగా ఖండించాడు. తాను భాషను ఎంచుకోలేదనీ, భాషే తనను దత్తు తీసుకొన్నదనీ, ఆంగ్లంలో కాకపోతే అసలు వ్రాసేవాడనే కాననీ చెప్పుకొన్నాడు. ఇందులో కొంత అభిమానం వున్నది, కొంత నిజమూ వున్నది. అతని పనీ, తిండీ, స్నేహమూ, ప్రమాదమూ అన్నీ పదకొండేళ్లుగా ఆ భాషలో జరిగినవి. మనిషి బ్రతికిన భాషలో కథ పుట్టటంలో వింత లేదు.

1890లో కాంగో వెళ్లాడు. బెల్జియం రాజు అధీనంలోని ఆ సీమలో వ్యవహారమంతా ఫ్రెంచిలో. పగలంతా ఫ్రెంచి మాట్లాడి, రాత్రి గుడారంలో దినచర్య మాత్రం ఆంగ్లంలో వ్రాసుకొన్నాడు. ఆ నోటుపుస్తకాలు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా వున్నవి. వాటిలో వర్ణక్రమం తప్పులు, ఫ్రెంచి మాటలు, చోటు తప్పిన చిట్టి మాటలు యథేచ్ఛగా దొర్లినవి. ఎవరికోసమూ వ్రాసినవి కావు గనుక దిద్దలేదు. తొమ్మిదేళ్ల తరువాత ఆ ప్రయాణమే హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్ అనే రచనగా వెలువడింది. నోటుపుస్తకాన్నీ, ఆ రచననూ పక్కపక్కన పెట్టి చూసినవానికి ఆ తొమ్మిదేళ్లు ఒక మనిషి ఎంత చాకిరీ చేశాడో తెలుస్తుంది.

ఆ తొలి నవల వ్రాతప్రతి అతనితోపాటు కాంగో వెళ్లింది. బెర్లిన్ రైల్వేస్టేషనులో మరచిపోతే అదృష్టవశాన తిరిగి దొరికింది. టారెన్స్ అనే ఓడమీద కేంబ్రిడ్జిలో చదివిన ఒక క్షయరోగి ప్రయాణికునికి దానిని ఇచ్చి, పూర్తి చేయదగినదేనా అని అడిగాడు. ఆ యువకుడు ముక్తసరిగా, తప్పక చేయవచ్చునన్నాడు, కొద్దికాలానికే చనిపోయాడు. అదే ఓడమీద 1893లో ఇద్దరు యువకులు స్నేహితులయ్యారు. ఒకడు గాల్స్‌వర్దీ, తరువాత నోబెల్ బహుమానం అందుకొన్న నవలాకారుడు. రెండవవాడు శాండర్సన్, అతని తండ్రి ఎల్‌స్ట్రీ అనే చోట బడి నడిపేవాడు. ఆ బడిపంతుళ్ల యింట్లో, ముఖ్యంగా శాండర్సన్ తల్లి చేతుల మీదుగా, ఈ ముప్పయ్యారేళ్ల నావికుని ఆంగ్లం కొంత దిద్దుబాటు పొందింది. తరువాత అతడు ఒక పుస్తకం ఆ మిత్రునికీ, మరొకటి ఆ తల్లికీ అంకితమిచ్చి ఋణం తీర్చుకొన్నాడు. ఉత్తమ పురస్కారాల కంటె బడిపంతుళ్లకు ఇటువంటివే మిగులుతవి.

1894లో మేనమామ పోయాడు. అదే యేడు నవల పూర్తయి ఫిషర్ అన్విన్ అనే ప్రచురణకర్తకు చేరింది. ఇరవై పౌన్లకు హక్కులు అమ్ముడయి, 1895లో ఆల్మేయర్స్ ఫాలీ అచ్చయింది. అంకితం మేనమామకు. ఆ ప్రచురణాలయంలో ప్రతులు చదివే ఎడ్వర్డ్ గార్నెట్ అనే యువకుడు కాన్రాడ్‌ను పట్టుకొని వదలలేదు. వ్రాతప్రతులు వరుసగా చదివి, నడక సరిగా లేనిచోట గుర్తుపెట్టి, మళ్లీ వ్రాయించేవాడు. 1896లో జెస్సీ జార్జ్ అనే ఆంగ్లయువతితో వివాహమయినది. కొత్త దంపతులు ఫ్రాన్సులో వుండగా అతనికి తీవ్రంగా జ్వరం వచ్చి, సంధిలో పోలిష్ తప్ప మరేమీ మాట్లాడలేదు. ఒక్క మాట అర్థంకాక ఆ పిల్ల బెదరిపోయింది.

1898నుండి ఫోర్డ్ మాడక్స్ హ్యూఫర్ అనే యువరచయిత తోడు దొరికాడు. లోకం ఇతనిని తరువాత ఫోర్డ్ అనే యింటిపేరుతో ఎరుగును. కెంట్ సీమలోని పాతయింట్లో ఇద్దరూ కూర్చొని రాత్రుళ్లు ఒక్కొక్క మాట తూచేవారు. ఇద్దరికీ ఫ్రెంచి వచ్చు గనుక, భావం ముందు ఫ్రెంచిలో చర్చించి, ఆంగ్లంలో దానికి సరిపోయే పలుకు వెదికేవారట. ఇద్దరూ కలిసి నవలలు వ్రాశారు. అవి గొప్పవి కావు. వాటికంటె ఆ రాత్రుల కసరత్తు విలువైనది. హెచ్. జి. వెల్స్ ఆ చుట్టుపక్కలనే వుండేవాడు. కాన్రాడ్ పుస్తకంలో చదివి నేర్చిన మాటలను చెవితో వినలేదనీ, కొన్ని మాటల చివర పలకకూడని అక్షరాన్ని పలికేవాడనీ, షల్, విల్ అనే రెండింటిలో ఎప్పుడు ఏది వస్తుందో తెలిసేది కాదనీ అతడు జ్ఞాపకాలలో వ్రాశాడు. ఒకనాడు సముద్రపుటొడ్డున కూర్చొని, నీళ్లమీద వున్న పడవను ఎట్లా వర్ణించాలని కాన్రాడ్ అడిగాడట. పడవ అక్కడ వున్నదని ఊరుకొంటే చాలునని వెల్స్ అభిప్రాయం. కాన్రాడ్‌కు అది చాలలేదు. ఆ పడవ ఆ నీటితో ఏ సంబంధంలో వున్నదో, ఆ ఒక్క గడియకు తగిన మాట అతనికి కావలె. వెల్స్‌కు ఆంగ్లం పుట్టుకతో వచ్చినది గనుక ఊరుకోగలిగాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకొనవలె. ఓడభాష విషయంలో మాత్రం కాన్రాడ్ ఎవరికీ తలవంచలేదు. లంగరును పత్రికలవారు విసిరినట్లు వ్రాస్తారనీ, నావికుడు ఎన్నడూ దానిని విసరడనీ, వదలుతాడనీ 1906లో వెలువడిన సముద్రస్మృతులలో పుటలకొద్దీ మందలించాడు. వృత్తిలోవారు తరతరాలుగా సానబట్టిన పలుకుబడిని పాడుచేయటం అతని దృష్టిలో నేరం. ఇరవై ఏళ్లకు అరడజను మాటలతో దిగినవాడు, యాభై దాటకముందే పుట్టు ఆంగ్లేయులకు ఆంగ్లం దిద్దాడు.

కాని మాట పడవలసి రానే వచ్చింది, అదీ రెండువైపులనుండి. 1899లో పోలిష్ రచయిత్రి ఎలీజా ఒజెష్కోవా, ప్రతిభను పరభాషకు అమ్ముకొన్నాడని పత్రికలో తీవ్రంగా నిందించింది. దేశం లేని జాతికి భాష ఒక్కటే ఆస్తి అయినప్పుడు ఆ ఆస్తిని ఇతరులకు ధారపోయటం ద్రోహమని ఆమె బాధ. తండ్రి అదే భాషకోసం, అదే దేశంకోసం ప్రాణమిచ్చిన సంగతి కాన్రాడ్‌కు ఒకరు గుర్తుచేయనక్కరలేదు. ఆ ములుకు గుండెలో చాలాకాలం వున్నది. 1908లో లండను పత్రికలో రాబర్ట్ లిండ్ అనే విమర్శకుడు మరొక ములుకు దించాడు. దేశమూ భాషా లేని రచయిత అన్నాడు. సొంత భాషలో వ్రాసి, ఎవరిచేతనైనా ఆంగ్లంలోకి అనువదింపించుకొంటే మరింత బాగుండేదన్నాడు. అటువారు మావాడవు కావన్నారు, ఇటువారు మావాడవు కాలేవన్నారు. ఒజెష్కోవా కోపానికి న్యాయమున్నది. లిండ్ సలహాకు అదీ లేదు. లార్డ్ జిమ్, నోస్ట్రోమో అప్పటికే అచ్చయివున్నవి. ఆ పుస్తకాలు చదివిన తరువాత కూడా చిట్టి మాటల లెక్క తీసేవానికి ఏమి చెప్పగలం!

1910 జనవరిలో ఒక నవల ముగించి, దాని వ్రాతప్రతితో ప్రచురణ వ్యవహారాలు చూసే పింకర్‌తో తగవుపడ్డాడు. ఆవేశంలో కాన్రాడ్ పలుకు తడబడితే, ఆంగ్లంలో మాట్లాడమని పింకర్ అన్నాడు. ఇంటికి వచ్చి మంచం పట్టాడు. నెలలపాటు జ్వరంలో తన నవలలోని పాత్రలతో మాట్లాడాడు, పోలిష్‌లో కలవరించాడు. కోలుకొన్న తరువాత కూడా పింకర్‌తో రెండేళ్లపాటు సరిగా మాటలు లేవు. ఆ ఒక్క వాక్యం అంత లోతుగా దిగింది.

అతని ఆంగ్లంలో తప్పులు లేవా అంటే, వున్నవి. మేరీ మోర్జిన్‌స్కీ అనే పరిశోధకురాలు అతని శైలిపై పోలిష్ ప్రభావాన్ని గురించి 1994లో ఒక గ్రంథమే వెలువరించింది. ఆన్ వుండవలసినచోట ఇన్, ఆఫ్ వుండవలసినచోట ఫ్రమ్ వంటివి వ్రాతప్రతులలోనే గాక అచ్చు పుస్తకాలలో కూడా అక్కడక్కడ మిగిలినవి. కొన్నిటిని టైపు చేసే జెస్సీ సరిదిద్దింది, కొన్నిటిని మిత్రులు, కొన్నిటిని అచ్చువారు. అయితే ఒక విశేషం. తొలినాటి తప్పులకూ, తరువాతివానికీ తేడా వున్నది. కాంగో దినచర్యలోని చిట్టి మాట పొరపాటున పడ్డది. పెద్ద నవలలలోని అసాధారణమైన చిట్టి మాటలలో కొన్ని, వెదకి వెదకి, పుట్టు ఆంగ్లేయునికి తోచని చోటు చూసి పెట్టినవి. ఏది ఏదో విడదీయటం పండితులకే కష్టమవుతున్నది. ఆంగ్లేయుడు అలవాటు చొప్పున దాటిపోయే చోట ఇతడు ఆగి, ఆ వస్తువు దీనిపైన వున్నదా, దీనిలో వున్నదా, దీనిగుండా పోతున్నదా అని ప్రతిసారీ కొత్తగా అడుగవలసి వచ్చింది. అతని చీకట్లు, పొగమంచులు, నదులు పాఠకుని కళ్లకు కట్టటానికి ఈ అడగటమే కారణమని ఊహిస్తే తప్పు కాదు. వ్రాయటం మాత్రం అతనికి ఎన్నడూ సుఖం కాలేదు. చీకటిగనిలో బొగ్గు తవ్వే కూలివానితో తనను పోల్చుకొన్నాడు. లోస్టాఫ్ట్ బొగ్గు అతనిని వదలలేదు.

1914లో ఛాన్స్ అనే నవలతో మొదటిసారి డబ్బు కళ్లజూశాడు. ఆ వేసవిలోనే భార్యాబిడ్డలతో క్రాకో వెళ్లగా యుద్ధం వచ్చి చిక్కుకొన్నాడు. పోలిష్ ధారాళంగా మాట్లాడుతూంటే అక్కడివారు ఆశ్చర్యపోయారు. కొడుకులిద్దరికీ ఆ భాష రాదు. 1918లో పోలండు మళ్లీ దేశమయింది. 1923లో అమెరికా వెళ్లినప్పుడు బహిరంగోపన్యాసాలు ఇవ్వటానికి జంకి, న్యూయార్కులో ఒక సంపన్నుల యింట ఆహ్వానితుల ఎదుట మాత్రం నవలలోని భాగం చదివాడు. ఉచ్చారణ వారికి తెలియటం కష్టమయినది. 1924లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదు ఇవ్వబోతే మర్యాదగా వద్దన్నాడు.

ఆ యేడు ఆగస్టు 3వ తేదీన బిషప్స్‌బోర్న్ గ్రామంలోని యింట్లో హఠాత్తుగా గుండె ఆగి మరణించాడు. కాంటర్‌బరీ నగరంలో ఖననం జరిగిన రోజున ఊరంతా క్రికెట్ సంబరంలో జెండాలతో అలంకరించుకొని వున్నది; శవయాత్ర ఆ సందడి మధ్యగా సాగిపోయింది. సమాధిశిల మీద మొదటి పేరు జోసెఫ్ అని ఆంగ్లపద్ధతిలో చెక్కారు, మూడవది కాన్రాడ్ అనీ అట్లాగే. చివర కొర్జెనియొవ్‌స్కీ అని పోలిష్ యింటిపేరు. నడుమ రెండవ పేరు తెయొదోర్ అని వుండవలసినది; రాతిపనివాడు అక్షరాలు తారుమారు చేసి, ఏ భాషకూ చెందని టియడోర్ అని చెక్కాడు. అది నేటికీ అట్లాగే వున్నది.